లోతు రాయని కాగితం

కొత్తవాడల మా జాగ నూటపదకొండు గజాలు.
బాపు పోయిన పదమూడోనాడు
టేపు ఒక కొన అన్న పట్టిండు, ఒక కొన నేను.
అంతకుముందు మేమిద్దరం కలిసి పట్టుకున్నది
ఎంజీఎంల బాపు స్ట్రెచరు ఒక్కటే.

గోడ యాడ రావాల్నో సుద్దతోని గీసుకుంట పోతే
గీత మగ్గం గుంతలకు దిగింది.
"గుంత నీకు, చెక్కలు నాకు" అన్నడు అన్న.
"చెక్కలమ్మితే పైసలొస్తయి, గుంతనెవడు కొంటడు?" అన్న నేను.
పెద్దమనిషి ఓదేలు పండ్లపుల్ల నములుకుంట
"పూడ్చి సాపు జేసుకోండ్రి, చెరిసగం" అన్నడు.

గప్పుడు తీసింది ఆండాలత్త, బాపు చెల్లె,
బియ్యం డబ్బాలకెల్లి ఒక కవరు.
ఏడేండ్ల కింద బాపు రాసిచ్చిన దాన దస్తావేజు.
మగ్గమున్న అర్ర, పద్దెనిమిది గజాలు.
"ప్రేమాభిమానములచేత" అని అందరి కాగితాలల్ల ఉండేదే ఉన్నది.
దాని పక్కన బాపు చెప్పి రాయించినట్టున్నడు:
"ముప్పై ఏండ్లు నాకు కండెలు చుట్టినందుకు."
సంతకం కింద బొటనవేలు గూడ ఒత్తిండు,
మేం నమ్మమని తెలిసినట్టు.

పొద్దున గీతకు అటొకడు ఇటొకడు నిలవడ్డోళ్లం
రాత్రి ఒక్క బండి మీద హన్మకొండకు పోయినం, వకీలు ఇంటికి.
అన్న నడిపిండు. నేను ఎనుక కూసున్న.
చిన్నప్పుడు సైకిలు మీద గట్లనే పోతుండె.
ఎంత మంచిగ కలిసినమో ఆ దినం!
"ముసలాయనకు అప్పుడు మతి సక్కగ లేదని రాద్దాం"
అన్నడు వకీలు. తలకాయలూపినం.

ఆ మతిలేని మనిషి ఆ ఏడే
నా పెండ్లికి జంపఖాన నేసిండు.
నాలుగు మూలల నాలుగు నెమళ్లు,
ఒక్క పోగు తప్పలే.
మాట నోటిదాంక వచ్చింది.
చాయ్‌తోని మింగిన.

ఆరు వాయిదాలైనయి.
అత్త అర్రకు కొత్త తాళం కొన్నది, చెవి కొంగుకు కట్టుకున్నది.
మేం ఎదురైతే గోడ దిక్కు చూస్తది.
కోర్టు కమిషనరు కొలతలకు వచ్చిననాడు
తాళం తీసి, పక్కకు జరిగి నిలవడ్డది.
"గుంతలకు దిగి టేపు పట్టుండ్రి" అన్నడాయన నన్ను.
"చెప్పులిడిసి దిగు" అన్నది అత్త.
ఆరు నెలలల్ల నాతోని అన్నది గదొక్కటే మాట.

దిగిన.
నడుము దాంక సల్లటి మట్టి వాసన.
తొక్కుడు చెక్కల కింద, అడుగున, రెండు పల్లాలు.
బాపు మడిమెలు.
నా కాళ్లు అండ్ల సరిగ్గ పట్టినయి.

పైన కమిషనరు రాసుకుంటున్నడు,
పొడుగు ఇంత, ఎడల్పు ఇంత.
"లోతు?" అన్న.
"లోతుతోని మాకు పనిలేదు, ఎక్కుండ్రి."

అన్న వంగి చెయ్యిచ్చిండు.
బండి నడిపిన చెయ్యే.
పట్టుకోని ఎక్కాల్నా అని
జరసేపు గట్లనే
బాపు కాళ్లల్ల నిలవడ్డ.