వంతు

నారిన్ పట్నంలో నాలుగు రోజుల శిక్షణ.
చివరి రోజు గోధుమరంగు ఫైలొకటి చేతికిచ్చి
పిల్లలు మూడు రకాలన్నారు:
కంటితో నేర్చేవాళ్ళు, చెవితో నేర్చేవాళ్ళు,
చేత్తో నేర్చేవాళ్ళు.
నమ్మాను.
తిరుగు బస్సులో, అద్దం మీది మంచు కరిగి కారుతుంటే,
ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని మూడు గడులు గీశాను.
గతుకు వచ్చినచోటల్లా గీత వంకరపోయింది.
ఆ వంకరను అప్పుడే పట్టించుకోవలసింది.

నా తరగతిలో పదకొండు మంది.
ఎర్మెక్ గుర్రాల బొమ్మలేస్తాడు: కన్ను.
ముకాశ్ కుదురుగా కూర్చోడు, బల్లకాలు ఊడదీస్తాడు: చెయ్యి.
జిపార్ పాడుతుంది, లెక్కల గంటలో కూడా,
పెదవి కదపకుండా:
చెవి.
దీపం పెట్టేలోగా పదకొండు పేర్లూ సర్దేశాను,
పెళ్ళింటి గుమ్మంలో చెప్పులు సర్దినట్టు.

పాఠం ఒక్కటే.
మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?
"నాలుగో వంతే!" తరగతంతా ఒక్క గొంతు.
మూడు కంటే నాలుగు పెద్దది కదా మరి.

కళ్ళకోసం నల్లబల్ల మీద సుద్ద వృత్తాలు.
చేతులకోసం మా అత్తగారు తెల్లారగట్ల కాల్చిన రొట్టెలు రెండు.
చెవులకోసం మామగారి కొముజ్ బతిమాలి తెచ్చాను,
మూడు తీగల కింద మూడు తరాల వేళ్ళకి అరిగిన చెక్క.
మూడో వంతు దగ్గర తీగ నొక్కి మీటాను.
నాలుగో వంతు దగ్గర నొక్కి మీటాను.
జిపార్ కళ్ళు మూసుకుంది.
పట్టేసింది పిల్ల, అనుకున్నాను.
"ఏది పెద్దది, జిపార్?"
"రెండోసారి శ్రుతి తప్పింది, ఎజే."

ఎర్మెక్ వృత్తాలకి తోకలు తగిలించాడు.
రొట్టె ముక్కల్ని ముకాశ్ వరసగా తినేశాడు.
"ఏది పెద్దదిరా?" అంటే
"నేను ముందు తిన్నది" అన్నాడు.
అది జ్ఞానమో ఆకలో నాకింకా తేలలేదు.

గంట కొట్టారు.
జిపార్ తలుపు దగ్గర వంగి
బూటులో గుచ్చుకున్న గడ్డిపరక తీస్తూ
నాతో కాదు, బూటుతో అన్నట్టు అంది:

"మా వీధి కాలవకి రాత్రిపూట నీళ్ళు.
పన్నెండు గంటలు. మూడిళ్ళం.
మామ్మా నేనూ పార పట్టుకుని
నాలుగు గంటలు కాసేవాళ్ళం.
జుమాబాయ్ వాళ్ళు ఇల్లు కట్టుకున్నాక నాలుగిళ్ళమయ్యాం.
ఇప్పుడు మూడు గంటలే.
చివరి సాళ్ళకి తడి అందదు.
నిరుడు అక్కడి బంగాళాదుంపలు గోలీలంత."

కాసేపాగి,
"నాలుగో వంతే చిన్నది, ఎజే.
మనుషులు పెరిగితే వంతు తరుగుతుంది."

దీన్ని ఏ గడిలో రాయను?
కన్నందామా, చిమ్మచీకటి.
చెవందామా, ఊరంతా నిద్ర.
చెయ్యందామా, పార మామ్మ దగ్గరే ఉండి ఉంటుంది.
ఎండిన రెండు సాళ్ళ పక్కన
తొమ్మిదేళ్ళ పిల్ల కడుపుమంటతో నేర్చుకుంది భిన్నాన్ని.
కడుపుమంటకి ఫైల్లో గడి లేదు.

మర్నాడు నల్లబల్ల మీద కాలవ ఒక్కటే గీశాను.
పక్కన మూడిళ్ళు. ఒక రాత్రి.
ఇంకేం తీసుకెళ్ళలేదు.
ఎర్మెక్ లేచొచ్చి చంద్రుణ్ణి పెట్టాడు.
ముకాశ్ స్కేలుతో కాలవకి అడ్డుకట్ట వేశాడు,
అవతలి బల్ల వాళ్ళతో కొట్లాట.
నాలుగో ఇల్లు గీసేసరికి
గదంతా కయ్యిమంది, ఎవరూ నన్ను జవాబడగలేదు.

అప్పుడు జిపార్,
"ఐదో ఇల్లొస్తే?"

సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను.
నా పథకంలో ఐదో ఇల్లు లేదు.
పన్నెండుని ఐదుతో.
ముకాశ్ వేళ్ళు మడిచాడు, చాలక పక్కవాడి వేళ్ళు లాక్కున్నాడు.
ఎర్మెక్ గడియారం వేసి దాన్ని కోయడం మొదలెట్టాడు.
"రెండు గంటలు" అన్నారెవరో, "ఇంకా కాస్త."

"ఆ కాస్త ఎంత?" అంది జిపార్,
లేచి నిలబడి.
"మా చివరి సాలు ఆ కాస్తలోనే ఉంది."