లక్ష్యం: ఆరో అంతస్తు

ఏటా మార్చిలో ఫారాలు పంచేది నేనే.
మోంతెవిదేయోలో మా లిఫ్టుల కంపెనీకి
నలభై ఒక్కమంది మెకానిక్కులు,
ఒక్కొక్కరికీ నాలుగు పేజీలు.
నేర్చుకున్నవి, నేర్పినవి, ఎదిగిన తీరు,
చివరి గడిలో ఈ ఏటి లక్ష్యం.

ఒదిలోన్ తెచేరా అన్నీ ఖాళీగా వదిలేసి
ఆ చివరి గడిలో, గ్రీజు వేలిముద్రతో సహా,
"ఆరో అంతస్తు" అని రాశాడు.

వెటకారమనుకున్నాను.
లక్ష్యం కొలవడానికి వీలుగా ఉండాలని
ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాను.
మర్నాడు నా బల్ల మీద అదే కాగితం:
"నూట పదహారు మెట్లు."

గోడ మీద మా విలువలున్నాయి, నీలం అక్షరాల్లో, ఐదు.
అవి నేనే రాశాను, ఒక శుక్రవారం,
భోజనానికి ముందు, ఆకలి మీద.
నాలుగోది ఏమిటని ఇప్పుడడిగితే
గోడవైపు తిరగాలి.

నా సొరుగులో అప్పటికే ఒక రాజీనామా ఉంది.
మైతె బెంతంకోర్, ఇరవై రెండేళ్లు, చేరి మూడు నెలలు.
"బోల్టులు బిగించడానికి పుట్టలేదేమో నేను."
ఆ "ఏమో" పట్టుకుని
పైవాళ్లకి పంపకుండా ఆపాను.
ఆ పిల్లని ఒదిలోన్ వెంట వేసి
నేనూ వెళ్లాను, ఫారం చంకన పెట్టుకుని.

పాతపట్నంలో, రేవు గాలికి తుప్పెక్కిన మేడ.
ఇనప కటకటాల లిఫ్టు, పంతొమ్మిది రోజులుగా కిందే.
పనిముట్ల సంచీ విప్పనే లేదాయన.
దారిలో కొన్న రొట్టెల పొట్లం మైతె చేతిలో పెట్టి
"పైన దోన్యా ఎదెల్మీరాకి ఇచ్చిరా" అన్నాడు.
అంతే. అది పాఠమని చెప్పలేదు.

ఆ పిల్ల దిగొచ్చేసరికి అరగంట.
మొహం కడుక్కున్నట్టుంది.
పైన ఏం చూసిందో మేం అడగలేదు, తను చెప్పలేదు.
"పదమూడో నంబరు పానా ఏదీ?" అంది.

తర్వాత పొరపాటు చేసింది.
తలుపు దగ్గరి తీగని తప్పు కొనకి బిగించింది.
ఆయన చూశాడు. చూశాడని నేను చూశాను.
చూసి కూడా, మాతే కషాయం ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని
లిఫ్టెక్కి మీట నొక్కాడు.
మూడుకీ నాలుగుకీ మధ్య ఠక్కున ఆగింది.

కటకటాల్లోంచి ఆయన బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.
నాకు కాళ్లలో వణుకు. ఆ పిల్లకి చేతుల్లో.
పైనించి గొంతు:
"తొందరేం లేదమ్మాయ్.
నీళ్లింకా వేడిగానే ఉన్నాయి."

నలభై నిమిషాలు.
ఒకసారి ఏడ్చింది, రెండుసార్లు తిట్టింది
(రెండోసారి నన్నే, దీపానికి అడ్డున్నానని).
ఇనప తాడు మీద అరచెయ్యి ఆనించి
నాడి చూస్తున్నట్టు నిలబడింది.
తీగ దొరికింది.
బూట్లు కదిలాయి, పైకి కాదు, కిందికి.
ఆయన తలుపు లాక్కుని బయటికొచ్చి
"కషాయం చప్పబడిపోయింది" అన్నాడు.
మెచ్చుకోలు అదే.

సాయంత్రం ఎదెల్మీరా దిగింది.
ఎర్ర లిప్‌స్టిక్, ఉన్ని టోపీ.
ఆస్పత్రికి కాదు, చర్చికీ కాదు.
పైకి తెచ్చివ్వని పేపర్లకి కూడా డబ్బులడిగాడని
మూలమీది కొట్టువాడితో పోట్లాడటానికి.
వీధి చివరిదాకా వినిపించింది ఆ గొంతు.
మైతె నవ్వలేదు. చెవి రిక్కించి వింది,
మోటారు శబ్దం వింటారే, అలా.

శిక్షణ గంటలన్న గడిలో ఇప్పుడేం వెయ్యను?
ఆ నలభై నిమిషాలూ వేస్తే
భద్రతా విభాగం వచ్చి నా మెడ పట్టుకుంటుంది.

రాజీనామా ఇంకా సొరుగులోనే ఉంది.
తను అడగలేదు, నేను ఇవ్వలేదు.
గురువారం డ్యూటీ పట్టీలో పేరుంది,
తొమ్మిదంతస్తుల మేడ.

ఇక నా ఫారం.
పదకొండేళ్లుగా అందరి గడులూ దిద్దుతున్నాను,
నాది ఎవరూ తిప్పి పంపలేదు.
ఈసారి లక్ష్యం దగ్గర కలం ఆగింది,
మూడుకీ నాలుగుకీ మధ్య.
కింద ఎవరైనా తీగ వెతుకుతున్నారేమో తెలీదు.
నీళ్లు మాత్రం వేడిగానే ఉన్నాయి.