వాన ముక్క

పోటీకి పద్దెనిమిది ముక్కలే ఉండాలట.
నిబంధనలు రెండు పేజీలు దాటకూడదట.
గడువు శుక్రవారం అర్ధరాత్రి.
ఇవాళ మంగళవారం. పొయ్యి మీద బంగాళదుంపలు,
ఫిన్లే మోకాలికి దెబ్బ,
గ్యాసు బిల్లు ఈసారి ఎర్ర అక్షరాల్లో వచ్చింది.

నా పేరు ఐల్సా. గ్లాస్గోలో, నదికి ఇవతల,
ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను.
పొద్దున ఆరు నుంచి రెండు దాకా
ఎవరెవరి జ్వరాలో ఆవిరై ముఖానికి తగులుతాయి.
ఇంటికొచ్చి మళ్ళీ బట్టల మీదే ఆట కడుతున్నాను,
నవ్వుకోండి, పర్లేదు.

మా మేడ వెనక పెరట్లో ఇనుప స్తంభాలు,
ఎనిమిది ఇళ్ళకీ కలిపి నాలుగు తాళ్ళు.
ముందు ఎవరు ఆరేస్తారు,
ఎవరి క్లిప్పులు ఎవరు కాజేస్తారు,
అదీ ఆట.
ముక్కలు ఓట్స్ డబ్బా అట్టలోంచి కత్తిరించాను.
పావులు చొక్కా బొత్తాలు,
లాండ్రీ యంత్రాల అడుగున రాలినవి.
ఆ నల్లది ఏ డాక్టరుగారిదో!

పాచిక లేదు.
చక్కెర దిమ్మ మీద పెన్నుతో చుక్కలు పెట్టాను.
బుధవారం పొద్దున ఫిన్లే దాన్ని టీలో వేసుకున్నాడు.
నా పాచిక పారలేదు, కరిగింది.
ఆ సిరా టీని తొట్టిలో పారబోస్తూ అనుకున్నాను,
పాచిక అక్కర్లేని ఆటే చేస్తే పోలా.

ఇక పనిలో మడతకీ మడతకీ మధ్య లెక్కలే.
ఒక తాటికి ముగ్గురు పోటీపడితే? ఇద్దరూ ఒకే రోజు ఉతికితే?
'పెదాలు కదుపుతున్నావు, ప్రార్థనా?' అంది కర్స్టీ.
'కాదు, దుప్పటి వెడల్పు ఎన్ని క్లిప్పులో చూస్తున్నా' అన్నాను.
ఆ రోజు పిల్లల వార్డుకి పెద్దవాళ్ళ దుప్పట్లు వెళ్ళాయి.

గురువారం రాత్రి ఆడి చూశాం.
పై అంతస్తు యూఫీమియా, ఎనభై రెండేళ్ళావిడ,
కింది గదిలో చదువుకునే బాబజీడే,
నిద్రపోవాల్సిన ఫిన్లే.
వాన ముక్క వస్తే తాడు మీదున్నవన్నీ పోతాయి.
మూడుసార్లు వచ్చింది.
ఫిన్లే ఏడ్చాడు. బాబజీడే మర్యాదగా గడియారం చూశాడు.
'ఇది ఆట కాదమ్మాయ్, వాతావరణ వార్తలు' అంది యూఫీమియా.
'వానొస్తే ఇంట్లో ఉన్నవాళ్ళం దిగేవాళ్ళం.
బట్టలు ఎవరివని చూసేవాళ్ళం కాదు.
చూసేవాళ్ళంలే, చిరుగులు కూడా లెక్కపెట్టేవాళ్ళం.
కానీ లోపలికి తెచ్చాకే.'

నిబంధన మార్చాను.
వాన ముక్క ఎవరికొస్తే వాళ్ళు
తమ వంతు వదులుకుని ఇంకొకరి బట్టలు తీయొచ్చు.
తీయకపోనూవచ్చు. అక్కడుంది పేచీ.
ఇది రాసేసరికి అన్నం మాడినట్టు దుంపలు మాడాయి,
రాత్రి ఒంటిగంటకి బ్రెడ్డూ జామూ తిన్నాను నిలబడే.

శుక్రవారం, పదకొండు ముప్పై ఐదు.
రెండు పేజీలూ నిండాయి, ఒక్క వాక్యం తప్ప:
ఆట ఎప్పుడు ముగుస్తుంది?
ఎంతకీ తోచదు.
అప్పుడు కిటికీ అద్దం మీద చినుకు.
తర్వాత చినుకులు అని లెక్కపెట్టే వీల్లేకుండా.

చెప్పులు కూడా వేసుకోలేదు.
చీకట్లో చేతికి తగిలిందల్లా లాగాను,
బాబజీడే ఆకుపచ్చ చొక్కా,
యూఫీమియా దిండు గలీబులు, ఫిన్లే బడి ప్యాంటు,
ఎవరివో లోదుస్తులు, ఆ సంగతి వదిలేయండి.
మెట్లెక్కుతూ ఒక్కో గుమ్మం ముందు కటకటాల మీద వేసుకుంటూ వచ్చాను.
మూడో అంతస్తులో ఎవరో లోపల దగ్గారు.

పదకొండు యాభై మూడు. తడి వేళ్ళతో రాశాను:
'ఎవరి బట్టలు వాళ్ళ గుమ్మానికి చేరితే ఆట కట్టు.'
పంపేశాను.

కుర్చీలో వెనక్కి వాలితే
భుజానికి ఏదో చల్లగా అంటుకుని ఉంది.
పసుపు మేజోడు. బొటనవేలంత.
ఈ మేడలో పసిపిల్లలు ఎవరికీ లేరు,
నాకు తెలిసి.