ఒడీలియా మోకాలు కుదిరేదాకా

తాళంచెవికి వలతాడు ముక్క కట్టి ఉంది,
చేపవాసన ఇంకా పోలేదు.
కుళాయి ఎడమకి తిప్పితే మూసుకుంటుంది, మర్చిపోకు
అని మొదటి చీటీ.
రెండోది కోళ్ళ మేత గురించి.
మూడోది తడిసింది.
"ఎడమ" అని ఏదో, "చూడు" అని ఏదో.

ఒడీలియా పడవెక్కి ఓర్తా ఆస్పత్రికి పోయింది,
మోకాలికి కొత్త చిప్ప వేస్తారట.
ఆరు వారాలు.
ముప్పై ఏళ్ళు పికో రేవు కిటికీలో
పోయేవాళ్ళకి టికెట్లు చింపినదాన్ని,
అద్దెగదిలో ఒక కుండీ, కుండీలో ఒక కొత్తిమీర మొక్క,
అదీ సగం పిల్లి తినగా మిగిలింది.
ఇప్పుడు నాకు ఆరు వారాల తోట.

ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
మొదటి రాత్రి నిజమే అనిపించింది.
పింగాణీ కప్పు చెవి విరుగుతుందేమోనని
దోసిట్లో నీళ్ళు తాగాను.
చీకట్లో సముద్రపక్షులు
చరియ గూళ్ళకి తిరిగొస్తూ పసిపిల్లల్లా ఏడ్చాయి.
ఈ దీవిలో పుట్టినదాన్ని, ఆ ఏడుపు నాకు కొత్తా?
అయినా పరాయి గోడల మధ్య వినేసరికి
లేచి ఊయల కోసం వెతికాను.

నాలుగో రోజుకి ఇల్లు నన్ను కరవడం మానేసింది.

కిటికీ చెక్కల్లో ఒకటి విరిగింది,
అక్కడినుంచి ఎండ వస్తుంది, వేలెడు.
ముందు ఉప్పుజాడీ,
తర్వాత చెంచా,
తర్వాత నా మణికట్టు.
అక్కడ కాసేపు ఆగుతుంది.
ఆ కాసేపూ నేను రొట్టె కోయను.

అంజూర చెట్టు గాలికి జడిసి
నల్లరాతి గోడకంటే ఎత్తు ఎదగలేదు.
పళ్ళు నా నడుం దగ్గర పండుతాయి,
వంగక్కర్లేదు, నిచ్చెనక్కర్లేదు,
పాలు కారి వేళ్ళు అంటుకుంటాయి.
పొద్దు కుంకాక కూడా ఆ రాళ్ళు వెచ్చగానే ఉంటాయి,
వీపు ఆనించి కూర్చుంటాను
ఎవరో నాకోసం నిప్పు ఆర్పకుండా ఉంచినట్టు.

వెనాన్సియు రోజూ గేటు దగ్గరికొస్తాడు,
బకెట్లో మట్టి వదలని చేమదుంపలు.
"ఇవి ఒడీలియాకి."
"ఆమె లేదుగా."
"అయితే ఆమె కుర్చీకి."
పెట్టేసి, కొండవైపు చూసి,
"టోపీ పెట్టుకుంది, బట్టలు తీసెయ్" అంటాడు.
తీసేస్తాను. వాన రాదు.
మర్నాడూ తీసేస్తాను.

చచ్చిపోయిన మొగుడి రబ్బరు బూట్లు
ఇంకా గుమ్మం పక్కనే పెట్టుకుంది ఒడీలియా.
తుడుద్దామని తీస్తే
ఎడమ బూటు బరువుగా ఉంది.
చెయ్యి పెట్టాను, వెచ్చగా, గుండ్రంగా,
గుడ్డు!
అప్పుడు మూడో చీటీ దానంతటదే చదువుకుంది.
ఒక్కదాన్నే, బూటు ఒళ్ళో పెట్టుకుని,
కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను.
ఆ పెట్టకి అంతకన్నా మంచి చోటు దొరకలేదు, నిజమే.

నిన్న ఉత్తరాలకని నా గదికి వెళ్ళి
అక్కడి కుళాయి కూడా ఎడమకే తిప్పి
మూశాననుకుని వచ్చేశాను.
కింది వాటా లుర్దెస్ గొడుగేసుకుని వంట చేసిందట.
తిట్లన్నీ తిన్నాను, తినాల్సిందే.
కానీ మనసులో, చూశావా,
చెయ్యి ఇల్లు మారిపోయింది అనుకున్నాను.

ఇవాళ ఒడీలియా ఫోను.
కోళ్ళు ఎలా ఉన్నాయి? బాగున్నాయి.
బూటు చూస్తున్నావా? చూస్తున్నా.
అంజూరలు పండాయా?
ఇంకా లేదు అన్నాను, గింజలు పళ్ళలో ఇరుక్కుని ఉండగా.
"పుండు చీము పట్టింది,
ఇంకో రెండు వారాలు ఉండమంటున్నాడు డాక్టరు."

అయ్యో పాపం, అన్నాను.
నిజంగానే అన్నాను.
కానీ మాటకన్నా ముందే నా కుడికాలు
గచ్చుమీద ఒక చిన్న గంతు వేసింది.

చారల పెట్ట చూసింది.
తల పక్కకి వంచి, ఒంటి కంటితో, చాలాసేపు.