రెండు నుంచి ఎనిమిది

రెడ్ హిల్స్‌లో, లిఫ్టు దిగని కింది అంతస్తులో
నా ఫ్రిజ్ ఒక్కటే రాత్రంతా గొణుగుతూ మేలుకుంటుంది.
రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు,
దాని లోకం అంత ఇరుకు.
గంటకోసారి పుస్తకంలో రాస్తాను: నాలుగు, నాలుగున్నర, నాలుగు.
కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు
ఏడు దగ్గర నా ఊపిరి ఆగిన సంగతి
రాయడానికి గడి లేదు.
పోయిన దసరాకి వార్డుబాయ్ జహంగీర్
వెనక అరలో సీతాఫలాలు దాచాడు.
తలుపు తీస్తే మొజంజాహీ మార్కెట్టు.

శుక్రవారం మూడూ నలభైకి
గాజు తెర వెనక, రెండేసి తొడుగుల చేతులతో
మొగులమ్మ మందు కలిపాను.
సెలైన్ సంచిలోకి సూది దిగాక
చిన్న మెలిక తిరిగి
ఏమీ జరగనట్టు ఊరుకుంది.
నల్ల అట్ట ముందు, తెల్ల అట్ట ముందు
వెలుగుకు పట్టి చూశాను.
నలుసు లేదు, మబ్బు లేదు.
చీటీ రాశాను: పేరు, మోతాదు,
నలభై ఎనిమిది గంటలు.

శనివారం మూసీ చాదర్‌ఘాట్ మీదికొచ్చింది.
యాచారం బస్సు మలక్‌పేటలోనే నిలబడిపోయింది.

ఆదివారం నాలుగూ పదికి వచ్చిందామె,
కుచ్చిళ్ల దాకా తడిసి,
ఫైలు మాత్రం పాలిథిన్ కవరులో పొడిగా.

అరగంట.
సంచి తీసి మళ్లీ వెలుగుకు పట్టాను.
"మంచిగనే ఉంది గద బిడ్డా, నీళ్ల లెక్క.
ఏమైంది దానికి?"

ఏం చెప్పను,
లోపల ఒక్కో అణువూ చీలిపోతుంటుందని,
చలి దాన్ని ఆపదు,
మెల్లగా నడవమని బతిమాలుతుందంతేనని,
ఎవరో ఎక్కడో ఎన్నో సంచులు చెడగొట్టి
ఈ గీత గీశారని,
గీత దాటిన అరగంటలో
ఎంత పోయిందో నాకూ తెలియదని?

"పాలు విరిగితే కనబడతది అవ్వా,
ఇది విరిగినా కనబడదు."

ఆమె కాసేపు సంచినే చూసింది.
"మా ఇంటాయన గట్లనే ఉండె," అంది.

పసుపు డబ్బాలో సంచి పడ్డ చప్పుడు
తడిగుడ్డ పడ్డట్టు.
దాని ఖరీదు రిజిస్టరులో, నా పేరుకెదురుగా, ఎర్ర సిరాతో.
మోచేతుల దాకా మళ్లీ కడుక్కున్నాను.
తలుపవతల ఆమె కుచ్చిళ్లు పిండుకుంటోంది,
నీళ్లు గడప దాకా పాకుతున్నాయి.

కొత్త చీటీ మీద: నాలుగూ యాభై అయిదు.
ఈసారి ఫ్రిజ్ తలుపు తీయలేదు.
సంచిని రెండు చేతులా పట్టుకుని
మెట్లెక్కుతున్నాను,
వెనక ఆమె చెప్పుల తడి చప్పుడు.