పాటు గీత

పాటుకి నీళ్ళు తీసేశాయి.
సఖినేటిపల్లి రేవులో పంటు కదలదట, ఇంకో అరగంట.
బైకుల మధ్య, ఐసు కారుతున్న రొయ్యల ట్రేల మధ్య
ఇయర్‌ఫోన్లు పెట్టుకుని
నా పాఠం నేనే వింటున్నాను.

పొద్దున్న చొక్కా జేబులో ఫోను ఆన్ చేసి పెట్టాను,
ఎవరికీ చెప్పలేదు.
పంతొమ్మిదేళ్ళ సర్వీసులో
నా క్లాసులో నేను కూర్చోవడం ఇదే మొదలు.

ఎంత గొంతండీ బాబూ ఈ మనిషిది!
సుద్దముక్క టకటక, ఫ్యాను కిర్రు,
ఆ రెంటినీ మింగేస్తూ నేను.
"అర్థమైందా?" అంటాను,
"అయ్యిందండీ" అంటుంది పల్లిపాలెం ఎనిమిదో తరగతి.
లెక్కపెట్టాను. ముప్పై ఏడు సార్లు.
అడిగిన ప్రశ్నకీ, నేనే చెప్పేసుకున్న జవాబుకీ మధ్య
ఒక్క ఊపిరి పట్టేంత సందు లేదు.

ఇరవై రెండో నిమిషం.
"మైనస్ ఇంటూ మైనస్ ప్లస్సెందుకవుతుందర్రా?"
కిటికీ పక్కనుంచి సన్నటి గొంతు.
ఓలేటి నూకరత్నం,
వాళ్ళ నాన్న వల లాగే రోజు బడికి రాని పిల్ల.
"అదేనండీ, పాటులో... మూడు గంటల ముందు
నీళ్ళు యెక్కడున్నాయంటేనండీ..."
"కబుర్లాపి సూత్రం రాసుకో."
అది నేనే.
ఆ తర్వాత ఆ గొంతు లేదు, గంట కొట్టేదాకా.

వెనక్కి జరిపి విన్నాను. మళ్ళీ జరిపాను.
తలెత్తితే రేవు గుంజ.
నీళ్ళకి పైన మూడు జానల మేర తడి,
ఆరని బురద, అంటుకున్న నత్తలు.
గంటకో జాన తగ్గుతున్న నీరు.
మూడు గంటలు వెనక్కి నడిస్తే ఎక్కడుంది?
అదిగో, ఆ గీత దగ్గర. పైన.
బీయీడీలో ఎవరూ చెప్పలేదు నాకు.
రోజూ ఇదే రేవు.
గుంజని ఎప్పుడు చూశాను గనక.

మర్నాడు అదే ప్రశ్న అడిగి నోరు మూసుకున్నాను.
ఒకటి. రెండు.
పెదవి నొక్కిపట్టి మూడు.
మాస్టారికి ఒంట్లో బాగోలేదేమోనని
పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.
నాలుగు.
"రెండు తప్పులు కలిస్తే ఒప్పండీ" అన్నాడు యెషయా.
అందరూ నవ్వారు, నేనూ.
ఐదు. ఆరు.
"రత్నం, నిన్నేదో చెప్పబోయావమ్మా."
లేచింది. జడ కొస నోట్లో పెట్టుకుని తీసింది.
"మర్చిపోయానండీ."

మర్చిపోలేదు. నాకు తెలుసు.
గుంజ సంగతి నేనే చెప్పేద్దామని
నాలిక చివరిదాకా వచ్చింది,
పాత పంతులు రోగం.
మింగాను.

డైరీ వెనక పేజీలో రాసుకున్నాను:
ఆగింది ఆరు సెకన్లు.
"అర్థమైందా" పద్నాలుగు.
రత్నానికి బాకీ, ఒక వాక్యం.
రేపు క్లాసుని రేవుకి తీసుకెళ్ళాలి, హెడ్మాస్టరు ఒప్పుకుంటే.
పాటు ఎన్నింటికో
ఆ పిల్లనే అడగాలి.