చూసి రమ్మన్నారు

చూసి రమ్మంటే కాల్చి వచ్చినవాడి కథ
మా గట్టు మీద పిల్లలక్కూడా తెలుసు.
నేను ఆ రకం కాదు.
నా విమానానికి తుపాకులు పీకేశారు,
ఆ బరువుకి సరిపడా పెట్రోలు పోశారు,
కడుపులో ఒక కెమెరా పెట్టారు.
వెళ్ళు, చూడు, రా.
అంతే నా యుద్ధం.

అల్లవరం దాటాక, రొయ్యల చెరువుల మధ్య రేకుల షెడ్డు.
మేత బస్తాల మీద కంప్యూటరు,
జాయ్‌స్టిక్ జారకుండా కింద గోనె మడత.
అర్ధరాత్రి హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటాను,
రెండోది ఏరియేటర్లకి.
ఆరు చెరువుల్లో ఇరవై నాలుగు యంత్రాలు
తెల్లవార్లూ నీళ్ళు చిలుకుతూనే ఉంటాయి.
ఆ చప్పుడు నాకు వినపడదు.
ఆగితే వినపడుతుంది.

మా దళపతి సత్తిరాజు గారిది
రావులపాలెంలో అరటి కమీషను కొట్టు.
పగలు గెలలు లెక్కపెడతారు, రాత్రి మమ్మల్ని.
యానాం లాజరు బాంబులు మోస్తాడు,
ఎక్కడ వెయ్యాలో నేను చెప్పాలి.
తప్పు చెబితే ఇసకలో వేసి వస్తాడు,
ఇక వారం రోజులు నన్ను "సిద్ధాంతి గారూ" అని పిలుస్తాడు.

ఇరవై వేల అడుగుల మీద పలకరించేవాడుండడు.
మబ్బు చిరిగిన చోట
ఎవరో గీసిన సముద్రం, ఎవరో గీసిన రేవు.
ఒక్కోసారి ఆ తీరం వంపు చూసి
వైనతేయ కడలిలో కలిసే చోటే అనుకుని
మా షెడ్డు దీపం కోసం వెతుకుతాను.
సిగ్గేస్తుంది.

కెమెరా తిరిగే పన్నెండు సెకన్లూ
రెక్క వంచకూడదు, ముక్కు ఎత్తకూడదు.
చుట్టూ గుండ్లు పేలుతున్నా
పెళ్ళి ఫొటోలో పెళ్ళికొడుకులా
బిగుసుకుని కూర్చోవాలి.
ఏడు ఓడలు. రెండు నీళ్ళలో ఎత్తుగా తేలుతున్నాయి,
అంటే ఖాళీవి.
గోదాముల వెనక నూనె ట్యాంకులు నాలుగు,
ఒకదాని మీద వల కప్పారు,
దాని నీడని కప్పడం మర్చిపోయారు.

మొన్న మంగళవారం ఆ నీడని పట్టుకుని వెనక్కి తిరిగాను.
స్థావరం ఇంకా పద్దెనిమిది నిమిషాల దూరం.
అప్పుడు వినపడింది,
ఏరియేటర్ల చప్పుడు లేకపోవడం.

యూపీఎస్ మీద తెర వెలుగుతూనే ఉంది.
కానీ విమానం కన్నా రొయ్యలకి గాలి తక్కువ.
ట్రిమ్ సరిచేసి, చేతులు వదిలేసి,
"సత్తిరాజు గారూ, కరెంటు" అని ఒక్క మాట అనేసి
టార్చితో గట్టెమ్మట పరిగెత్తాను.
నాలుగో చెరువులో అప్పటికే పైకి తేలాయి.
వెలుతురు పడ్డ చోటల్లా ఎర్రటి కళ్ళు,
ఎన్ని వేలో,
అన్నీ నావైపే.
జనరేటరు మూడో తిప్పుకి దగ్గింది,
నాలుగోదానికి అందుకుంది.
కళ్ళు జత తరవాత జతగా ఆరిపోయి
అడుక్కి దిగిందాకా అక్కడే నిలబడ్డాను.
ఓడలరేవు వైపు గ్యాసు మంట ఒక్కటే
ఆకాశాన్ని నాకుతోంది.

తిరిగొచ్చేసరికి విమానం ఎగురుతూనే ఉంది పాపం,
పగ్గం వదిలేసినా చాలు తప్పని ఎద్దులా,
తిన్నగా,
మా స్థావరం దాటేసి, సముద్రం మీదికి.
పెట్రోలు ముల్లు సున్నా దగ్గర పడుకుంది.
కిందికి దిగితేనే ఫొటోలు చేరినట్టు లెక్క.
నీళ్ళు నెమ్మదిగా పైకొచ్చాయి.

"ఏడు ఓడలండీ" అన్నాను మైకులో.
"రెండు ఖాళీ. ట్యాంకులు నాలుగు, కనపడేవి మూడే."
అటునించి మాట లేదు.
ఎక్కడో అరటి లారీ వెనక్కి వస్తున్న బీప్ బీప్.
రుజువు లేని మాట, ఎవడు నమ్మాలి?
లాజరు గొంతు సవరించుకున్నాడు,
"నాలుగోది ఏ పక్కన?"
సత్తిరాజు గారు మాత్రం
"రొయ్యలు బతికాయా?" అన్నారు.

తెల్లారాక చెక్‌ట్రే ఎత్తాను.
మేత సగం మిగిలింది. చచ్చినవి పదకొండు.
గట్టున కొంగ ఒకటి
నాకంటే ముందే లెక్కపెట్టుకుంటోంది.
పుస్తకంలో రాశాను.